మా సినిమా మొత్తం ఛానెల్లో పెట్టేశారు. ఏ సెక్షన్ కింద ఇస్తే కదులుతారు?

గోదారిగట్టు:
రాత్రంతా దీని మీదే కూర్చున్నాను, ఒక్క లింకు కూడా పోలేదు. మా సినిమా మొత్తాన్ని ఒక మెసేజింగ్ యాప్ ఛానెల్లో పెట్టేశారు. అక్కణ్ణుంచి ఒక వీడియో సైట్లోకి ఎక్కింది, మధ్యమధ్యలో ప్రకటనలు వేసుకుని సంపాదిస్తున్నారు కూడా. రెండు చోట్లా రిపోర్ట్ బటన్ నొక్కీ నొక్కీ విసుగొచ్చింది. సినిమా పేరు, పోస్టరు, ట్రైలర్ జతచేసి మెయిల్ పెడితే 'మీరు ఇచ్చిన వివరాలతో హక్కును నిర్ధారించలేకపోతున్నాం' అని అచ్చు జవాబు. సైబర్ స్టేషన్‌కి వెళ్తే ఇది సివిల్ గొడవ, కోర్టుకి వెళ్లండి, డబ్బు పోతే 1930కి ఫోన్ చేయండి అన్నారు. మరి ఇది డబ్బు పోవడం కాదా? పొలం తాకట్టు పెట్టి తీసిన సినిమా అండీ. ఏ సెక్షన్ కింద కంప్లయింట్ ఇస్తే కదులుతారో తెలిసినవాళ్లు చెప్పండి, తల పగిలిపోతోంది.

బెంచిటికెట్:
మీ బాధ అర్థమైంది బ్రదర్. కానీ జనం అటు ఎందుకు పోతున్నారో మన పరిశ్రమ ఒక్కసారైనా ఆలోచించాలి. నలుగురున్న ఇల్లు సినిమాకి వెళ్లాలంటే టికెట్లు, పార్కింగ్, లోపల తిండి కలిపి ఎంతవుతుందో అందరికీ తెలుసు. ఇంట్లోనే చూద్దామంటే ఒక్కో సినిమా ఒక్కో ఓటీటీలో, అన్నిటికీ చందా కట్టేదెవరు? 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపేసి మాట్లాడుకున్నది కూడా ఈ ఖర్చులు, టికెట్ ధరలు, ఓటీటీకి ఎన్ని వారాలకు ఇవ్వాలి అన్న సంగతులే. గిరాకీ అలా ఉంచి చట్టం ఎంత గట్టిగా చేసినా సరుకు వస్తూనే ఉంటుంది.

గోదారిగట్టు:
మా సినిమా అద్దెకు చూడ్డానికి రెండు టీల ఖర్చు అండీ. ధర వల్ల కాదు. దయచేసి దారి చెప్పండి.

రూల్75:
కాపీరైట్ చట్టం 52(1)(సి). 2013 రూల్స్‌లో 75. చదవండి.

గోదారిగట్టు:
చదివాను సార్, 36 గంటలు అని ఒకచోట, 21 రోజులు అని ఒకచోట ఉంది. ఏది దేనికో తెలియలేదు.

పాతరీలు:
ముందు ఆ కాపీ ఎలా ఉందో చెప్పండి. హాల్లో కెమెరాతో తీసిందా, మాస్టర్ నుంచి, అంటే పూర్తయిన సినిమా అసలు ఫైలు నుంచి వచ్చిందా? నేను ఎడిటింగ్ రూముల్లో చాలా ఏళ్లు పనిచేశాను, అందుకే అడుగుతున్నా. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' దాదాపు గంటన్నర భాగం విడుదలకు ముందే బయటికొచ్చింది. సినిమా అప్పటికి హాలు మొహమే చూడలేదు, కాబట్టి కెమెరా పెట్టి తీసే ప్రశ్నే లేదు. లోపలి చేతుల్లోంచి పోయిందే. పెడనలో తీగ దొరికింది, అరెస్టులు జరిగాయి, నిర్మాత 27వ తేదీకే హడావుడిగా విడుదల చేసుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద సినిమాకే అలా జరిగితే చిన్న సినిమా సంగతి చెప్పేదేముంది. డబ్బింగ్‌కి ఇచ్చే కాపీ, రీరికార్డింగ్‌కి ఇచ్చేది, సబ్‌టైటిల్స్‌కి ఇచ్చేది, ప్రతి దాని మీదా తీసుకున్నవాళ్ల పేరు తెర మధ్యలో పడేలా వేసి ఇవ్వాలి. థియేటర్లకు వెళ్లే డిజిటల్ ప్రింట్లలో కంటికి కనపడని వాటర్‌మార్క్ ఉంటుంది, దొంగ కాపీ దొరికితే అది ఏ హాల్లో ఎప్పుడు వేసిన షోనో తేల్చగలుగుతారు. ఓటీటీకి ఇచ్చే మాస్టర్ దగ్గరకొచ్చేసరికి చిన్న నిర్మాతలు హార్డ్‌డిస్క్ కొరియర్లో పంపించి ఊరుకుంటున్నారు, పాస్‌వర్డ్ కూడా పెట్టరు. మీరు దీని మీద దృష్టి పెట్టకపోతే రెండో సినిమాకీ ఇదే గతి.

గోదారిగట్టు:
మాస్టర్ క్వాలిటీనే అండీ. కానీ ఎవరు లీక్ చేశారన్నది తర్వాత. ముందు ఇది ఆగాలి.

కోర్టుమెట్లు:
నేను లాయర్ని, ఇలాంటివి కొన్ని చూశాను. మీరు చెప్పనివి మూడున్నాయి, అవి తెలియకుండా ఎవరూ సాయం చేయలేరు. సెన్సార్ సర్టిఫికెట్ మీద నిర్మాతగా ఎవరి పేరుంది? డిజిటల్ హక్కులు ఎవరికైనా రాసిచ్చారా? మెయిల్ ఎవరి పేరు మీద వెళ్లింది, అందులో ఆ వీడియోల అసలు లింకులు ఉన్నాయా?

గోదారిగట్టు:
దర్శకుణ్ణి నేనే, కథ నాదే. సర్టిఫికెట్ మీద మా బావగారి బ్యానర్ పేరుంది, పెట్టుబడి ఆయనది, పొలం కూడా వాళ్లదే. మెయిల్ నా జీమెయిల్ నుంచి పెట్టాను. లింకులు పెట్టలేదు, పేరు కొడితే వాళ్లకే కనపడుతుంది కదా. డిజిటల్ హక్కులు ఒక పంపిణీ కంపెనీకి ఇచ్చాం, వాళ్లే ఓటీటీల్లో పెట్టారు. అడిగితే చూస్తాం అంటున్నారు.

రూల్75:
అక్కడే ఆగింది. మన చట్టంలో సినిమాకి 'రచయిత' అంటే నిర్మాత. దర్శకుడు కాదు.

గోదారిగట్టు:
కథ రాసి, తీసి, ఎడిటింగ్ దగ్గర కూర్చుంది నేనైతే హక్కు నాది కాదా? ఇదేం న్యాయం?

కోర్టుమెట్లు:
మీ కష్టాన్ని ఎవరూ కాదనడం లేదండీ. కథకి, స్క్రిప్టుకి, విడిగా రాసివ్వకపోతే, మీకు వేరే హక్కు ఉంటుంది. కానీ సినిమా అనే మొత్తానికి కాపీరైట్ చట్టం 2(డి) ప్రకారం నిర్మాతే రచయిత, 17వ సెక్షన్ ప్రకారం తొలి హక్కుదారూ ఆయనే. కాబట్టి నోటీసు మీ బావగారి బ్యానర్ నుంచో, ఆయన మీకు రాసిచ్చిన అధికార పత్రంతోనో వెళ్లాలి.

ఇక రూల్ 75 సంగతి. ఫలానా సినిమా, హక్కు మాది లేదా మేం ఎక్స్‌క్లూజివ్ లైసెన్సీలం (వాడుకునే అనుమతి మా ఒక్కరికే ఉంది), ఇదీ ఆధారం, ఫలానా లింకులో మా అనుమతి లేకుండా ఉంది అని రాయాలి. లింకు లేని నోటీసుకి విలువ లేదు. పేరు కొట్టి వెతుక్కోండి అంటే వాళ్లు వెతకరు, వెతకాల్సిన బాధ్యత కూడా వాళ్ల మీద లేదు. 2016 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు మైస్పేస్ అనే సైట్ కేసులో చెప్పింది కూడా అదే, ఫలానా కాపీ అని స్పష్టంగా చూపిస్తేనే వాళ్లకు 'తెలిసినట్టు'. అదే తీర్పులో మనకు పనికొచ్చే ముక్క కూడా ఉంది. కాపీరైట్ విషయంలో కోర్టు ఆర్డర్ వచ్చేదాకా కదలం అని వాళ్లు అనడానికి లేదు, సరైన నోటీసు చాలు.

నోటీసు అందాక వాళ్లకు సబబుగా అనిపిస్తే 36 గంటల్లో ఆపాలి. అలా ఆపడం 21 రోజులకే. ఆలోగా కోర్టులో దావా వేసి ఆర్డర్ తెస్తామని మీరు ఆ నోటీసులోనే హామీ రాసివ్వాలి, అది చాలామంది చూడకుండా సంతకం పెట్టేస్తారు. ఆర్డర్ తేకపోతే వీడియో మళ్లీ పెట్టుకోవచ్చు, అదే లింకు మీద మీరు మళ్లీ నోటీసిస్తే జవాబివ్వాల్సిన పని కూడా వాళ్లకు ఉండదు. కాబట్టి కోర్టుకు వెళ్లే ఉద్దేశం ఉంటేనే ఈ దారి పట్టండి. వీడియో సైట్లకు సొంత కాపీరైట్ ఫారాలు ఉంటాయి, అక్కడ ముందు ఆ ఫారం నింపండి, అది తేలిక.

పంపిణీగది:
అసలు మీరందరూ నిర్మాత, నిర్మాత అంటున్నారు. డిజిటల్ హక్కులు అమ్మేశాక నిర్మాతకి అక్కడ ఏముంది? ఆ హక్కు కంపెనీది. నోటీసు కంపెనీయే ఇవ్వాలి. నేను ఈ వ్యాపారంలోనే ఉన్నాను.

రూల్75:
అమ్మారా, లైసెన్స్ ఇచ్చారా?

పంపిణీగది:
మా దగ్గర రెండిటికీ అమ్మడమనే అంటాం. చేతికి డబ్బొచ్చింది, హక్కు పోయింది.

కోర్టుమెట్లు:
వ్యాపారంలో అలాగే అంటారు సార్, కానీ కాగితంలో ఏముందో దాన్ని బట్టే కోర్టు చూస్తుంది. అసైన్‌మెంట్, అంటే హక్కునే రాసిచ్చేయడం అయితే ఆ మేరకు కంపెనీయే యజమాని. ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్ అయితే యాజమాన్యం బావగారి దగ్గరే ఉంటుంది, కానీ 54వ సెక్షన్ ప్రకారం దావా వేయడానికి లైసెన్సీని కూడా యజమానిగానే చూస్తారు. అప్పుడు 61 ప్రకారం అసలు యజమానిని కూడా దావాలో పార్టీగా చేర్చాలి. మామూలు లైసెన్స్ అయితే కంపెనీకి దావా హక్కే లేదు. ఒప్పందంలో ఎంతకాలమో రాయకపోతే చట్టమే 5 ఏళ్లు అనుకుంటుంది, ఏ ప్రాంతమో రాయకపోతే ఇండియా వరకే. గోదారిగట్టు గారూ, ఒప్పందం తీసి ఆ పేజీ చూడండి. పైరసీ మీద చర్య ఎవరు తీసుకోవాలి అని ఒక పేరా సాధారణంగా ఉంటుంది.

పంపిణీగది:
సరే, కాగితమే అనుకుందాం. కానీ కంపెనీ కదలకపోతే చిన్న నిర్మాత చేసేదేమీ లేదు, అది వాస్తవం.

బెంచిటికెట్:
ఇంత తంతు ఉంటే సామాన్యుడు ఎలా పోరాడతాడు? పెద్ద పెద్ద ఆర్డర్లన్నీ పెద్ద స్టూడియోలకే. ఐబొమ్మ పైరసీ సైట్ కేసులో 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు దాన్ని నడిపే మనిషిని కూకట్‌పల్లిలో అరెస్టు చేసిందాకా ఎంతకాలం నడిచిందో చూశాం కదా. పరిశ్రమ మొత్తం వెనక పడితే గానీ ఆ అరెస్టు కాలేదు.

రూల్75:
స్టేషన్‌లో చెప్పింది తప్పు. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ నేరం కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్. సుప్రీంకోర్టు, నిట్ ప్రో కేసు, 2022 మే 20.

గోదారిగట్టు:
ఆ తీర్పు చూపిస్తే కేసు తీసుకుంటారా?

కోర్టుమెట్లు:
చూపించండి, ప్రింట్ తీసుకెళ్లండి. 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. గరిష్ఠ శిక్ష 3 ఏళ్ల దాకా ఉంది కాబట్టి వారంట్ లేకుండా పట్టుకోదగ్గ నేరమేనని ఆ తీర్పు తేల్చింది, అంతకుముందు హైకోర్టులు రెండు రకాలుగా చెప్పేవి, అందుకే స్టేషన్లలో ఇంకా ఆ పాత మాటే నడుస్తోంది. అయినా పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173(3) ప్రకారం 3 నుంచి 7 ఏళ్లలోపు శిక్ష ఉన్నవాటిలో డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ పెట్టుకోవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. అసలే తీసుకోకపోతే 173(4) కింద ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు. అన్నిటికన్నా ముందు ఆధారాలు భద్రం చేయండి. లింకు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్ రికార్డింగ్ తీయండి. ఛానెల్ పేరు మార్చేస్తారు, కాబట్టి సభ్యుల సంఖ్య, పోస్టు నంబరు కూడా పడాలి. సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ లేకుండా ఆ రికార్డింగ్ కోర్టులో నిలబడదు, అందులో ఫైలు హాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే కోడ్ కూడా రాయాలి. ఆ రికార్డింగ్‌ని ఫోన్ నుంచి ఫోన్‌కి పంపుకోకండి.

పాతరీలు:
ఆధారం గురించి చెప్పారు కాబట్టి, మాస్టర్ కంపెనీకి ఇచ్చిన రోజు రసీదు, డిస్క్ సీరియల్ నంబరు కూడా దాచిపెట్టండి. లీక్ ఎక్కడిదో తేలాలంటే అదే మొదలు.

కొత్తకెరటం:
సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం 2023 ఉంది కదా, ఎవరూ అనరేం? సెన్సార్ బోర్డులో పైరసీ ఫిర్యాదులు తీసుకునే నోడల్ ఆఫీసర్లు ఉన్నారు, 48 గంటల్లో తీసేస్తారు. కోర్టూ వద్దు ఏమీ వద్దు.

కోర్టుమెట్లు:
మంచి మాట గుర్తుచేశారు. కాకపోతే 48 గంటలు లెక్కపెట్టేది మీ ఫిర్యాదు నుంచి కాదు, నోడల్ ఆఫీసర్ ఆదేశం ప్లాట్‌ఫామ్‌కి అందాక. సమాచార ప్రసార శాఖ 2023 నవంబరులో బోర్డులోనూ శాఖలోనూ కలిపి 12 మందిని నియమించింది. అక్కడ కూడా హక్కుదారుగానీ ఆయన అధికారమిచ్చిన మనిషిగానీ ఇవ్వాలి, ఇంకెవరిచ్చినా ఫిర్యాదు నిజమో కాదో విచారణ పెట్టొచ్చు. మీకు సెన్సార్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి బావగారి సంతకంతో ఇది ఈరోజే పంపండి, ఖర్చు లేని దారి ఇదే. ఆ చట్టంలో శిక్ష కూడా గట్టిది, 3 నెలల నుంచి 3 ఏళ్లు, జరిమానా 3 లక్షల నుంచి ఆడిట్ చేసిన నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా. ఫిలింనగర్‌లో ఫిల్మ్ ఛాంబర్ పైరసీ నిరోధక విభాగానికి కూడా ఒక లేఖ పెట్టండి. లింకులు వెంటబడి తీయించే అనుభవం వాళ్లకుంది.

మెసేజింగ్ యాప్ అడ్మిన్ ఎవరో ఎప్పటికీ తెలియదని అనుకోకండి. 2022 ఆగస్టులో ఒక కోచింగ్ టీచర్ వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు టెలిగ్రామ్‌ని ఛానెల్ నడిపేవాళ్ల వివరాలు ఇవ్వమంది, పేర్లు, ఫోన్ నంబర్లు, ఐపీ అడ్రసులు సీల్డు కవర్లో ఇచ్చారు. ఆవిడ కూడా పెద్ద స్టూడియో కాదు. దావా కోసం ఢిల్లీ వెళ్లక్కర్లేదు, 62వ సెక్షన్ ప్రకారం హక్కుదారు ఉండే చోటి జిల్లా కోర్టులోనే వేయొచ్చు. తక్షణం ఇంటరిమ్ (తాత్కాలిక) ఆర్డర్ కావాలని అడిగితే ముందు మధ్యవర్తిత్వానికి పోవాల్సిన పనీ ఉండదు.

బెంచిటికెట్:
ఒక లింకు పోతే పది పుడతాయి. అప్పుడు?

కోర్టుమెట్లు:
దానికే 2019 ఏప్రిల్లో ఢిల్లీ హైకోర్టు డైనమిక్ ఇంజంక్షన్ అనే పద్ధతి తెచ్చింది, అదే సైటు కొత్త పేరుతో వస్తే కొత్త కేసు అక్కర్లేకుండా పాత ఆర్డర్లోకే చేర్చుకోవచ్చు. 2023లో ఇంకో అడుగు వేసి ఇంకా విడుదల కాని సినిమాలకూ వర్తించేలా ఇచ్చారు. అది సైట్లకు బాగా పనిచేస్తుంది, ఛానెళ్లకు కష్టమే. కానీ మొదటి రెండు వారాల్లో పెద్ద ఛానెల్ ఒకటి పడిపోతే చిన్న సినిమాకి అదే చాలా మేలు.

పంపిణీగది:
ఇన్ని ఆర్డర్లున్నా నా సినిమాలు ఆగలేదు. అంతే చెప్తా.

గోదారిగట్టు:
ఒప్పందం చూశాం. 'ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్' అనే ఉంది, కాలం రాయలేదు. బావగారి సంతకంతో నోడల్ ఆఫీసర్‌కి పంపించాం. వీడియో సైట్ ఫారం లింకులతో నింపితే అక్కడ తీసేశారు. ఛానెల్లో ఇంకా ఉంది. థాంక్సండీ, స్టేషన్‌కి వెళ్లాలి, మళ్లీ రాస్తా.

కొత్తకెరటం:
ఛానెల్ సంగతి ఏమైంది సార్? మాదీ ఒక షార్ట్ ఫిల్మ్ అలాగే పెట్టారు, సెన్సార్ చేయించలేదు. నోడల్ ఆఫీసర్ మాది తీసుకుంటారా?

పాతరీలు:
షార్ట్ ఫిల్మ్ మాస్టర్ ఎవరెవరి దగ్గరుంది?