అప్‌డేట్: సొలొమోను జ్ఞానం అడిగితే ధనం కూడా ఎందుకు వచ్చింది? నా సందేహం తీరింది

పోయిన నెల నేనే అడిగాను. బైబిల్లో ఇశ్రాయేలు రాజు సొలొమోను గిబియోను అనే ఊళ్లో జ్ఞానం అడిగితే దేవుడు ఐశ్వర్యం కూడా కలిపి ఇచ్చాడు కదా, అలాంటప్పుడు జ్ఞానం కోసం ప్రార్థించడం కూడా డబ్బు అడగడమే అవుతుందా అని. ఆదివారం కూడా డ్యూటీకి వస్తే ఎక్కువ జీతం ఇస్తామన్నారు, ఆ టెన్షన్‌లో ఉన్నాను.

జవాబిచ్చిన అందరికీ వందనాలు. "1 రాజులు 3వ అధ్యాయం దగ్గర ఆగకండి, 11 దాకా చదవండి" అన్న సలహానే పనికొచ్చింది. మా పాస్టరుగారి దగ్గర కూర్చుని చదివాను. 1 రాజులు 3:9లో మనకు "వివేకముగల హృదయము" అని ఉంది. హెబ్రీలో ఆ మాట "వినే హృదయం" అని చెప్పి, ఆయన నా బైబిల్లో పెన్సిల్‌తో దాని కింద గీత గీశారు. ఆ గీత చూస్తూ చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఇన్నేళ్లలో వినే మనసు ఇవ్వమని ఒక్కసారి కూడా అడగలేదు నేను.

10వ అధ్యాయంలో సొలొమోనుకు ఒక్క ఏడాదికి 666 తలాంతుల (తలాంతు అప్పటి బరువు కొలత) బంగారం. 11లో అదే రాజు హృదయం దేవునికి దూరమైపోయింది. అడగకుండా వచ్చిన ఆ ధనం అతన్ని కాపాడలేదు.



ఆదివారం డ్యూటీ వద్దని చెప్పేశాను. జీతం పాతదే. నిన్న ఆరాధనలో మా అమ్మ పక్కనే కూర్చున్నాను.