అడవి ఎలుకలో కొత్త ఉపజాతి అనిపిస్తోంది: పేరు పెట్టే ముందు ఏం తేల్చుకోవాలి?

కొండదారి
అందరికీ నమస్కారం. రెండు కొండ వరుసల మీది వానఅడవుల్లో చిన్న క్షీరదాల సర్వే చేస్తున్నాం. వాటి మధ్య ఎండు లోయ. రెండు వైపులా ఉన్నది రాటస్ అనే ఎలుకల ప్రజాతిలోని ఒకే జాతి అని ఇప్పటిదాకా అందరూ రాస్తూ వచ్చారు. కానీ తూర్పు వరుస ఎలుక చేతిలోకి రాగానే తేడా తెలిసిపోతోంది. వీపు ముదురు గోధుమ రంగు, తోక ఒంటి కన్నా బాగా పొడవు, వెనకపాదం పెద్దది. పడమటి వాటి తోక ఇంచుమించు ఒంటి పొడవే ఉంటుంది. సైటోక్రోమ్ బి జన్యువులో కూడా రెండూ విడివిడి గుంపులుగా పడుతున్నాయి.

తూర్పు నుంచి ఇరవైకి పైగా నమూనాలున్నాయి, పడమటి నుంచి ఇంకా తక్కువ. అందుకని మ్యూజియంలలో ఉన్న పాత చర్మాల లేబుళ్ల మీది కొలతలు కూడా రాసుకుని కలిపాను. తూర్పుదాన్ని కొత్త ఉపజాతిగా వర్ణించడానికి ఇది చాలుతుందా? ఇంకా ప్రచురించలేదు కాబట్టి చోటు పేరు చెప్పలేకపోతున్నాను, ఏమీ అనుకోకండి.

పుర్రెలగది
కొండదారి గారూ, ఎలుకల్ని చూడకుండా కొత్తదో కాదో నేను చెప్పను. మీ ప్రశ్నలో నన్ను ఆపేసింది మాత్రం ‘లేబుళ్ల మీది కొలతలు’ అన్న మాట.

అమెరికన్ సేకర్తలు వెనకపాదాన్ని గోరుతో కలిపి కొలుస్తారు. బ్రిటిష్ వాళ్లు గోరు వదిలేసి కొలిచేవారు. అమెరికన్ లేబుల్ మీద మొదటి అంకె ముక్కు కొస నుంచి తోక కొస దాకా ఉన్న మొత్తం పొడవు. అందులోంచి తోక తీసేస్తేనే ఒంటి పొడవు వస్తుంది. బ్రిటిష్ లేబుల్ మీద ఒంటి పొడవు నేరుగా ఉంటుంది. మీ తూర్పు ఎలుకల పాదం పెద్దది అంటున్నారు. పడమటి పాతవన్నీ గోరు లేకుండా కొలిచినవైతే ఆ తేడాలో కొంత గోరుదే. కాబట్టి ఎండిన చర్మాల మీదైనా సరే, పాదాలన్నీ ఒకే చేత్తో, ఒకే పద్ధతిలో మళ్లీ కొలవండి. ఎండితే పాదం కాస్త కుదించుకుపోతుంది, అందుకే మీ తాజా నమూనాల్లో కూడా ఎండిన వాటినే వాటి పక్కన పెట్టండి. తోక సంగతి వేరు. ఎండిన చర్మంలో తోకను కొలిచి లాభం లేదు, లేబుల్ అంకెనే నమ్మాలి. తోక కొస తెగిన జంతువులుంటే వాటిని ఆ లెక్కలోంచి పూర్తిగా తీసేయండి.

రంగు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. దశాబ్దాల పాటు సొరుగుల్లో ఉన్న చర్మాలు ఎరుపు తిరుగుతాయి. స్పిరిట్‌లో ఉన్నవి వెలిసిపోతాయి. పోయినేడు పట్టిన తూర్పు ఎలుక పక్కన వందేళ్ల నాటి పడమటి చర్మం పెట్టి ‘ఇది ముదురు’ అంటే, మీరు చూస్తున్నది కాలాన్నే కావచ్చు. పడమటి నుంచి కొత్త నమూనాలు రావాల్సిందే.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది వయసు. ఎలుకలు పెద్దవయ్యాక కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటాయి. మూతి సాగుతుంది, చెంప ఎముకలు వెడల్పవుతాయి, కనుబొమ్మల మీది గట్లు తేలుతాయి. ఒక బోనుల వరుసలో ముసలి మగవి, ఇంకోదాంట్లో ఈమధ్యే పుట్టిన పిల్లలు ఎక్కువ పడితే రెండు ‘ఉపజాతులు’ కాగితం మీద తయారవుతాయి. నమిలే పళ్ల అరుగుదల చూసి వయసు తరగతులుగా విడదీసి, ఒక తరగతిని అదే తరగతితో పోల్చండి. వాటి పళ్లలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ముందు పళ్లు జీవితాంతం పెరుగుతాయి కానీ నమిలే పళ్లకు వేర్లుంటాయి, మొలిచాక పెరగవు. అందుకే పై దవడలో నమిలే పళ్ల వరుస పొడవు పిల్లదానిలోనైనా ముసలిదానిలోనైనా దాదాపు ఒకటే. ఆ ఒక్క కొలతలో తూర్పు పడమరలు విడిపోతే నేను కుర్చీలో నిటారుగా కూర్చుంటాను.

జన్యుదారం
సైటోక్రోమ్ బి గురించి ఒక మాట. అది మైటోకాండ్రియాలో ఉండే జన్యువు, తల్లి నుంచి మాత్రమే వస్తుంది. ఆడవి పుట్టినచోటికి దగ్గర్లోనే ఉండిపోయి, మగవి లోయ దాటి తిరుగుతున్నా ఆ జన్యువులో రెండు గుంపులు కనిపిస్తాయి. దీనికి తిరగబడ్డ సమస్యా ఉంది. రాటస్ రాటస్‌కు 38 క్రోమోజోములు, రాటస్ టానెజుమికి 42. అంత తేడా ఉండి కూడా ఒకదాని మైటోకాండ్రియా ఇంకోదాంట్లో దొరుకుతుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక జన్యువులు కూడా చూడకుండా గీత గీయకండి.

కొండదారి
ఇద్దరికీ ధన్యవాదాలు. కేంద్రక జన్యువుల పని మొదలుపెడతాం. పుర్రెలగది గారూ, ఇవన్నీ నిలబడ్డాయనుకుందాం. జాతి అనకుండా ఉపజాతి అనడానికి గీత ఎక్కడ? ఉపజాతులే వద్దనేవాళ్లు కూడా ఉన్నారు కదా?

పుర్రెలగది
ఉన్నారు. 1953లో విల్సన్, బ్రౌన్ అనే శాస్త్రవేత్తలిద్దరూ ఆ వాదనను గట్టిగానే పెట్టారు. ఒక్కో లక్షణం ఒక్కో దిక్కుకు మారుతుంటే మీరు గీసే గీత మీరు ఎంచుకున్న లక్షణానిదే అవుతుందన్నారు. న్యాయమైన మాటే. కానీ వానఅడవి ఎలుకలకు అది ప్రతిచోటా వర్తించదు. అవి ఎండు నేల దాటవు. ఆస్ట్రేలియాలోని కేప్ యార్క్ ద్వీపకల్పంలో రాటస్ ల్యూకోపస్ అనే ఎలుక ఉంది. ఉత్తర కొసన ఒక ఉపజాతి, కుక్‌టౌన్ నుంచి దక్షిణానికి కుక్‌టౌనెన్సిస్ అనే ఇంకొకటి. మధ్యలో దానికి పనికొచ్చే అడవి లేదు. అలాంటి చోట గీతను నేలే గీసిపెట్టింది. మీ ఎండు లోయ కూడా అలాంటిదే కావచ్చు. అందుకే లోయ అంచుల్లో, వాగుల వెంబడి అడవి మిగిలిన చోట్ల బోనులు పెట్టండి. అక్కడ మధ్యరకం తోకలు దొరికితే మీరు చూస్తున్నది ఒక చోటి నుంచి ఇంకోచోటికి మెల్లగా మారే ఒక వాలు మాత్రమే, ఉపజాతి కాదు.

ఎంత తేడా ఉండాలంటే, 1949లో పక్షి శాస్త్రవేత్త అమడాన్ వివరించిన 75 శాతం నియమాన్ని చాలామంది వాడతారు. ఒక గుంపులో కనీసం 75 శాతం జంతువులు అవతలి గుంపులో దాదాపు అన్నిటి నుంచీ విడిపోవాలి. సగటులు వేరుగా ఉండటం చాలదు. రెండు గుంపులూ ఎంత మేర కలిసిపోతున్నాయో బొమ్మ వేసి చూపండి.

ఒకవేళ తర్వాతివాళ్లు అది అసలు జాతే అని తేల్చినా మీ పేరు వృథా కాదు. 1918లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త హింటన్ మహారాష్ట్రలోని సతారా ప్రాంతపు ఎలుకను రాటస్ రాటస్ సతారే అని ఉపజాతిగానే వర్ణించాడు. తర్వాత దాన్ని జాతిగా లేపారు, ఇప్పుడది రాటస్ సతారే హింటన్ 1918. జంతు నామకరణ నియమావళి ప్రకారం ఉపజాతికి పెట్టిన పేరు అదే కర్తతో, అదే సంవత్సరంతో జాతి స్థాయికీ చెల్లుతుంది. కనుక స్థాయి గురించి నిద్ర మానుకోకండి, వర్ణన మీద పెట్టండి ఆ శ్రద్ధ. కొత్త ఉపజాతి అని స్పష్టంగా రాయాలి, పక్కవాటి నుంచి వేరుచేసే లక్షణాలు చెప్పాలి, పేరుకు ఆధారమయ్యే ఒకే నమూనాను, అంటే ఒక హోలోటైప్‌ను నిర్ణయించి అది ఏ సంగ్రహంలో ఉంటుందో ప్రకటించాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే 2012 సవరణ ప్రకారం ముందే జంతువుల పేర్ల అధికారిక రిజిస్టరైన జూబ్యాంక్‌లో నమోదై ఉండాలి. పెట్టబోయే పేరును దయచేసి ఇక్కడ గానీ, పోస్టర్ల మీద గానీ రాయకండి.

అన్నట్టు, ఇది మొదటే అడగాల్సింది. ఆ జాతిని మొదట వర్ణించినప్పుడు పేరుకు ఆధారంగా పెట్టుకున్న టైప్ నమూనా తూర్పుదా, పడమటిదా?

కొండదారి
అక్కడే చిక్కు. మూల వర్ణనలో ఒక రేవు పట్నం పేరు తప్ప ఇంకేమీ లేదు. ఆ రోజుల్లో రెండు కొండల నుంచీ సరుకు ఆ రేవుకే దిగేది.

పుర్రెలగది
అయితే మీ పత్రం మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. టైప్ తూర్పు నుంచి వచ్చిందని తేలితే పాత పేరు మీ పొడవు తోక ఎలుకలదే. కొత్త పేరు కావలసింది పడమటి వాటికి. అది కూడా, పడమటి వాటికి పూర్వం ఎవరో పెట్టి మరుగున పడిన పేరు ఏదీ లేకపోతేనే. ఆ జాతికి ఇదివరకు పెట్టిన పేర్ల (పర్యాయపదాల) జాబితాలో ఉన్న ప్రతి పేరునూ, దాని టైప్‌నూ వెతకండి.

టైప్ ఉన్న మ్యూజియంకు రాసి పుర్రె ఫొటోలు పై నుంచి, కింద నుంచి, పక్క నుంచి అడగండి. స్కేలు పక్కన ఉండాలి. సేకర్త దినచర్య పుస్తకాలు, ఓడ రశీదులు వాళ్ల దగ్గర భద్రంగా ఉంటే ఆయన ఆ నెలలో ఏ కొండెక్కాడో తెలియవచ్చు. చివరి మార్గం డీఎన్ఏ. పాత పుర్రెల ముక్కు లోపలి పల్చని ఎముకల నుంచి చిన్న ముక్కతో తీయవచ్చు, బయటి కొలతలేవీ చెడవు. దానికి విడిగా అనుమతి పత్రం పెట్టాలి, జవాబుకు నెలలు పడుతుంది. ఈ వారమే రాయండి.