మీటరు ముల్లు మధ్యలోనే ఉన్నా ఉప్పు కుప్పలు బూడిద రంగులో వస్తున్నాయి, ఎందుకు?

పెన్నగట్టు: అన్నలందరికీ నమస్తే. మా మేనమామ వాడిన పెంటాక్స్ కె1000 ఫిలిం కెమెరా నా చేతికొచ్చింది, బ్యాటరీ వేస్తే వెలుగు కొలిచే మీటరు పనిచేస్తా ఉండాది. కోడాక్ గోల్డ్ 200 రీలు వేసి ఇస్కపల్లి ఉప్పు కొటార్ల కాడ తీశా, మంచి ఎండ, ప్రతిసారీ ముల్లు మధ్యకి తెచ్చే నొక్కా. స్కాన్లు చూస్తే తెల్లటి కుప్పలు బూడిద పోసినట్టుండాయి, తట్టలు మోసే ఆడోళ్ల మొహాలైతే కనపడనే కనపడవు, మళ్లా అదే రీల్లో మూలాపేట వీధిలో తీసినవి బాగుండాయి. మీటరు పోయిందా, ల్యాబోళ్లు కడగడంలో తేడానా?

కొత్తపట్నం గాలి: వీధి ఫొటోలు బాగొచ్చినాయంటే మీటరు బాగున్నట్టే తమ్ముడూ. దానికి ఉప్పని తెలీదు మనిషని తెలీదు, ఎదురుగా ఏదున్నా నడిమి బూడిదరంగు కిందే లెక్కేస్తది, 18 శాతం గ్రే అంటారే అది. పైగా కె1000 ఫ్రేమంతా కలిపి సగటు చూస్తది, ముప్పాతిక ఉప్పే ఉంటే వెలుగెక్కువైందని తగ్గించమంటది. అట్టాంటి చోట ఒకటిన్నర స్టాపు ఎక్కువియ్యి (ఒక స్టాపు పెంచితే వెలుగు రెండింతలు), అంటే లెన్సు మీద ఎఫ్ 16 చూపిస్తే ఎఫ్ 11కీ 8కీ మధ్యలో పెట్టు, ఎఫ్ నంబరు తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదై వెలుగెక్కువ వస్తది. లేదా అదే ఎండలో నీ అరచెయ్యి ఫ్రేము నిండా వచ్చేట్టు పెట్టి మీటరు చూసుకో, దానికి ఒక స్టాపు కలుపు, ఇంక ఎండ మారేదాకా ముల్లు వంక చూడబాక.

చీమకుర్తి నల్లరాయి: ఎండలో అసలు మీటరెందుకబ్బా? ఎఫ్ 16 పెట్టి, షట్టరు వేగం ఫిలిం స్పీడు నంబరుకి దగ్గర్లో పెట్టు, 200 ఫిలింకి సెకనులో 1/250 వంతు, అయిపాయె. ఇసకలో ఎఫ్ 22 అని పాత చార్టుల్లో ఉంటది గానీ అది స్లైడు ఫిలింకి (నెగటివ్ లేకుండా నేరుగా అసలు రంగుల్లోనే బొమ్మ వచ్చేది) పనికొస్తది, నెగటివ్‌లో మనిషి మొహం కావాలంటే ఆ 22 జోలికి పోమాక, తట్ట నీడ మొహం మీద పడతా ఉంటే ఎఫ్ 11 కూడా ఎక్కువ కాదు. మా క్వారీల కాడ కథ తిరగబడుద్ది, ఫ్రేము నిండా నల్లరాయే కాబట్టి మీటరు ఇంకా వెలుగియ్యమంటది, నమ్మితే గెలాక్సీ రాయి సిమెంటు దిమ్మెలాగా వస్తది.

కొత్తపట్నం గాలి: పైన అన్న చెప్పింది నిజమే, కానీ మబ్బు పట్టినా సాయంత్రమైనా ఆ లెక్క అంచనా మీద నడవాల్సిందే, అందుకే అరచెయ్యి అన్నా. ముందు నెగటివ్ చూశావా? అంచుల్లో కోడాక్ అక్షరాలు, నంబర్లు ముదురుగా ఉండి ఫొటో మాత్రం పల్చగా ఉంటే వెలుగు చాలనట్టు, అక్షరాలు కూడా వెలిసిపోయుంటే కడగడంలో తేడా.

పెన్నగట్టు: నెగటివులు ఇయ్యలేదన్నా, స్కాన్లే పంపించారు.

చీమకుర్తి నల్లరాయి: ఊరుకోమాక, ఫోన్ చేసి అడుగు, స్కానరు తనకి తోచినట్టు వెలుగు సర్దేస్తది కాబట్టి స్కాన్ చూసి ఏదీ తేల్చలేం. ఇంకోటి, ఆ కెమెరాకి మీటరు ఆపే స్విచ్చుండదు, లెన్సుకి మూత పెట్టకపోతే బ్యాటరీ అట్టానే అయిపోద్ది.