ఓపీఎన్‌సెన్స్ (మామూలు కంప్యూటరును రౌటరుగా, ఫైర్‌వాల్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) గేట్‌వేకు ఏ పెట్టె కొనాలి?

మాది విజయవాడలో 25 మంది పనిచేసే ఆడిటింగ్ ఆఫీసు. రెండు ఫైబర్ లైన్లున్నాయి: 300 ఎంబీపీఎస్‌ది ఒకటి, అది పోతే ఆదుకోవడానికి 100ది మరొకటి. ఇన్నాళ్లూ కనెక్షన్‌తో వచ్చిన రౌటరుతోనే నెట్టుకొచ్చాం. జీఎస్టీ రిటర్నుల గడువు, 20వ తేదీ మధ్యాహ్నం, సరిగ్గా అప్పుడే అది బిగుసుకుపోతుంది. మెట్ల కింద అల్మారాలో తల దూర్చి ప్లగ్గు పీకి పెట్టడం నా ఉద్యోగంలో భాగమైపోయింది.

పాత ఐ3 డెస్క్‌టాప్‌లో ఓపీఎన్‌సెన్స్ వేసి వారం నడిపాను. సాఫ్ట్‌వేర్ నచ్చింది. అయితే అందులోని రియల్‌టెక్ నెట్‌వర్క్ కార్డు మీద బరువు పడగానే లింకు తెగి కలుస్తోంది. ఓపీఎన్‌సెన్స్‌కు పునాది అయిన ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇంటెల్ కార్డులే నయమంటారు కదా.

అందుకని రెండు దారులు చూస్తున్నాను. అదే డెస్క్‌టాప్‌కు నాలుగు పోర్టుల ఇంటెల్ ఐ350 కార్డు తగిలించడం ఒకటి. వాటిలో నకిలీలు ఎక్కువని భయం. అసలుదో కాదో చేత్తో పట్టుకుని ఎలా గుర్తుపట్టాలి? రెండోది, ఫ్యాను లేని, ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ, ఇంటెల్ ఐ226 నెట్‌వర్క్ పోర్టులు నాలుగు. యూపీఎస్ మీద ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ మా అల్మారాకు ఏసీ లేదు, మే నెల ఎండలు మీకు తెలిసినవే.

ఎన్100 మీద సురికాటా (నెట్‌వర్క్ దాడుల్ని పసిగట్టే సాఫ్ట్‌వేర్) నడుపుతూ 300 ఎంబీపీఎస్ పూర్తిగా అందుకున్నవారున్నారా? మా లైను పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే రకం). ఇంటినుంచి పనిచేసే ఆరుగురికి వైర్‌గార్డ్ వీపీఎన్ కూడా కావాలి. ర్యామ్ 8 జీబీ చాలునా?