శిక్ష రాసి ఉంది, నేరం ఏమిటో రాసి లేదు: నార్త్ కరోలినా జ్యూరీలో వచ్చిన సందేహం

ప్రశ్న: పన్నెండో_కుర్చీ

పోయిన నెల ఇక్కడ అమెరికాలోని నార్త్ కరోలినాలో మూడు రోజులు జ్యూరీలో కూర్చున్నాను. కేసు ముగిసింది, ఇక మాట్లాడుకోవచ్చని జడ్జిగారే చెప్పారు కాబట్టి అడుగుతున్నాను.

అభియోగం పేరు ‘కామన్ లా రాబరీ’, అంటే శాసనసభ రాసిన చట్టం కాక, ఇంగ్లండు కాలం నుంచి కోర్టు తీర్పుల్లో వస్తున్న కామన్ లా ప్రకారం దోపిడీ. బస్సు కోసం నిలబడ్డ మనిషి మెడలో తాడుకు వేలాడుతున్న ఫోనును ఒకతను లాక్కుని పరుగెత్తాడు. కొట్టలేదు, బెదిరించలేదు, ఒక్క మాట అనలేదు. ఆ తాడుకు వెనక ఒక ప్లాస్టిక్ కొక్కెం ఉంది. ఎక్కడైనా చిక్కుకుంటే మెడకు ఉరి పడకుండా తనంతట తానే ఊడివచ్చే రకం. అది ఊడింది, తాడు తెగలేదు. ఆ కొక్కెం ఉన్న సాక్ష్యపు సంచిని పన్నెండుమందిమీ చేతులు మార్చుకుంటూ ఒక పూటంతా గడిపాం. కొక్కెం ఊడేంత లాగితే అది ‘హింస’ అవుతుందా, కాదా? మాలో ఒక నర్సు సంచి మీదుగానే దాన్ని బొటనవేలితో నొక్కి, తిరిగి బిగించి, ‘పసిపిల్ల లాగినా వస్తుంది’ అన్నారు. ఆ మాటతో ముగ్గురు మనసు మార్చుకున్నారు. చివరకు దోపిడీ కాదు, ఒంటి మీది నుంచి చేసిన దొంగతనమే అని తేల్చాం.

ఇంటికి వచ్చి చట్టం తెరిచాను. జనరల్ స్టాట్యూట్స్ 14-87.1. ఒకే ఒక్క వాక్యం. కామన్ లా ప్రకారం దోపిడీ అయినదానికి, ప్రమాదకరమైన ఆయుధంతో చేసినది కాకపోతే, జి తరగతి ఫెలనీ (పెద్ద నేరం) శిక్ష. అంతే! దోపిడీ అంటే ఏమిటో ముందు సెక్షన్లోనూ లేదు, వెనక సెక్షన్లోనూ లేదు. సెక్షన్ తెరిస్తే నిర్వచనం, దాని కింద ఉదాహరణలు కనిపించే పాత ఐపీసీకి అలవాటు పడ్డ కళ్ళు నావి. మరి జడ్జిగారు మాకు చదివి వినిపించిన ఏడు అంశాలు ఎక్కడివి? ఎవరు రాశారు?

జవాబు: పాతఫైళ్ళు

మీరు వెతికిన చోట లేదు, ఉండదు కూడా. నేను ఈ రాష్ట్రంలోనే పబ్లిక్ డిఫెండర్ (డబ్బులేని ముద్దాయిలకు ప్రభుత్వం ఇచ్చే లాయర్ల) ఆఫీసులో పందొమ్మిదేళ్ళు పారాలీగల్‌గా, అంటే లాయర్ల సహాయకుడిగా, పనిచేశాను. లాయరును కాను, అది ముందే చెబుతున్నాను. కొత్తగా చేరిన ప్రతి కుర్ర లాయరూ మొదటి వారంలో మీలాగే 14-87.1 తెరిచి, పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి, నా బల్ల దగ్గరకు వచ్చేవాడు.

మీరు ఇంకొక సెక్షన్ చూడాలి, 4-1. నేరాల అధ్యాయంలో ఉండదు గనుక ఎవరి కంటా పడదు. ఇంగ్లండుతో తెగతెంపులు చేసుకున్నాక, రాజు పోయినంత మాత్రాన హత్యలూ దొంగతనాలూ ఆగవు కదా. అన్నిటినీ కొత్తగా రాసుకునే తీరిక ఎవరికీ లేదు. అందుకని 1778లో ఒక ఏర్పాటు చేసుకున్నారు. అంతవరకు ఇక్కడ అమలులో ఉన్న కామన్ లాలో, మన స్వాతంత్ర్యానికీ ప్రభుత్వ పద్ధతికీ విరుద్ధం కానిది, శాసనసభ రద్దు చేయనిది, కాలం చెల్లిపోనిది అంతా అమలులోనే ఉంటుంది. ఇప్పటి 4-1 దాని వారసురాలే. అంటే కామన్ లాను నిలబెడుతున్నది కూడా ఒక చట్టమే. ‘చట్టం లేదు’ అని ముద్దాయి తరఫున వాదించబోయిన వాళ్ళందరికీ జడ్జీలు ఈ సెక్షన్నే చూపిస్తారు.

ఇక మీ ఏడు అంశాలు. సొమ్ము తీసుకోవడం, పట్టుకుపోవడం, మనిషి ఒంటి మీది నుంచో ఎదుట నుంచో తీసుకోవడం, అతని సమ్మతి లేకపోవడం, తనకు హక్కు లేదని తెలిసి ఉండటం, తిరిగి ఇచ్చే ఉద్దేశం లేకపోవడం, హింసో భయమో ప్రయోగించడం. ఇవన్నీ తీర్పుల్లోంచి ఏరి కూర్చినవి. మీ కొక్కెం సంగతికి పనికొచ్చేవి రెండున్నాయి. బలం ఎంత అన్నది ముఖ్యం కాదు, మనిషి తన సొమ్మును వదులుకునేలా చేసిందా లేదా అన్నదే ముఖ్యం అని 1944లో సాయర్ కేసులో మా రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. సొమ్మును చేతిలోంచి తీయడానికి పట్టే బలం తప్ప ఇంకేమీ వాడకపోతే దోపిడీ కాదని 2000లో రాబర్ట్‌సన్ కేసులో అప్పీలు కోర్టు అంది. అది చేతిసంచి లాక్కున్న కేసు. మీ నర్సుగారు ఇవి చదవకుండానే రెండోదానికి చేరుకున్నారు.

దోపిడీ ఒక్కటే అనుకోకండి. న్యాయప్రక్రియకు అడ్డు తగలడం, ప్రజలు భయపడేలా ఆయుధాలతో తిరగడం, ఇవీ ఇక్కడ కామన్ లా నేరాలే. ఆ రెండోదానికి 1843 నాటి హంట్లీ కేసు పునాది. ఆయుధాలతో తిరగవద్దన్న 1328 నాటి నార్తాంప్టన్ శాసనం ఇక్కడ అమలులో లేదని ముద్దాయి తరఫువాళ్ళు వాదించారు. శాసనం లేకపోతే పోనీ, నేరం అంతకన్నా పాతది, అది ఉంది అంది కోర్టు. ఆ తీర్పు మొదటిసారి చదివిన రోజు నాకు నవ్వు వచ్చింది. తర్వాత అదే నేరం మోపిన ఫైలు చేతికి వచ్చినప్పుడు రాలేదు.

జవాబు: సూటిప్రశ్న

అంటే జడ్జి ఏది నేరమంటే అది నేరమా? ముందుగా రాసి పెట్టని నేరానికి మనిషిని జైల్లో వేయడం ఏ దేశపు న్యాయం? ఇది పద్ధతి కాదండి, అలవాటుగా మారిన బద్ధకం.

జవాబు: మిషిగన్_మంచు

మా దగ్గర ఇంకా వింత. పీనల్ కోడ్ 750.505 అని ఒక సెక్షన్ ఉంది. కామన్ లాలో నేరమై ఉండి, చట్టంలో విడిగా ఏర్పాటు లేనిదేదైనా సరే, అది ఫెలనీ. ఐదేళ్ళ వరకు జైలు, లేదా 10,000 డాలర్ల వరకు జరిమానా. నేరాల పేర్లు కూడా ఉండవు, ఖాళీ సంచీ అనుకోండి. రోగులు ప్రాణం తీసుకోవడానికి సాయపడ్డ డాక్టర్ కెవోర్కియన్ గుర్తున్నారా? ఆత్మహత్యకు సాయపడటాన్ని ఈ సెక్షన్ కింద విచారించవచ్చని 1994లో మా సుప్రీంకోర్టు తేల్చింది. అధికారులపై పదవీ దుర్వినియోగం కేసులు పెట్టేదీ దీని కిందే. ఫ్లింట్ నగరంలో తాగునీరు కలుషితమైన వ్యవహారంలో ఆ అభియోగం చాలాసార్లు వినిపించింది. ఫ్లోరిడాలో కూడా ఇలాంటిదే ఉంది కానీ అక్కడ శిక్ష ఏడాది జైలు, 500 డాలర్ల జరిమానా దాటదు.

జవాబు: పాతఫైళ్ళు

సూటిప్రశ్నగారూ, మీ కోపం కొత్తది కాదు, తప్పూ కాదు. దేశ సుప్రీంకోర్టు 1812లోనే ఫెడరల్ కోర్టుల విషయంలో మీ మాటే అంది. ఇద్దరు పత్రికా సంపాదకుల మీద, అధ్యక్షుణ్ణీ కాంగ్రెస్‌నూ నిందించారని, ఏ చట్టం లేకుండానే కేసు పెట్టారు. హడ్సన్, గుడ్విన్ కేసు. కాంగ్రెస్ నేరమని చెప్పనిదాన్ని మేం శిక్షించలేమని కోర్టు చేతులెత్తేసింది. ఆ తర్వాత ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క దారి పట్టింది. చాలా రాష్ట్రాలు కోడ్ రాసుకుని కామన్ లా నేరాలకు సెలవు చెప్పాయి. మా రాష్ట్రం, మిషిగన్, ఫ్లోరిడా, వర్జీనియా, మేరీల్యాండ్ లాంటివి వదులుకోలేదు.

అయితే ఇక్కడ జడ్జీలు కొత్త నేరాలు పుట్టించడం దాదాపు కనబడదు. నేను భయపడింది ఇంకొకదానికి. పాత నేరం హద్దు జరుగుతుంది, జరిగినట్టు ఎవరికీ తెలియదు. గాయపడ్డ మనిషి ఏడాదీ ఒక రోజూ దాటి చనిపోతే హత్య కాదని పాత కామన్ లా నిబంధన. టెనెసీలో కత్తిపోట్లు తిన్న మనిషి పదిహేను నెలలకు చనిపోయాడు. అక్కడి కోర్టు అదే కేసులో ఆ నిబంధనను కొట్టివేసి, అదే ముద్దాయిని హత్యకు దోషిగా నిలిపింది. 2001లో దేశ సుప్రీంకోర్టు అది చెల్లుతుందని 5-4తో ఒప్పుకుంది. మా రాష్ట్రం 1991లో వాన్స్ కేసులో అదే నిబంధనను తీసేసినా, ఇకముందు జరిగేవాటికే అని చెప్పి ఆ ముద్దాయికి వర్తింపజేయలేదు. నాకు ఈ రెండోదే మర్యాదగా అనిపిస్తుంది. టెనెసీ తీర్పును సమర్థించేవాళ్ళు ఎంత చెప్పినా నాకు మింగుడు పడలేదు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. మా రాష్ట్రంలో ఆత్మహత్యాప్రయత్నం నేరమేనని 1961లో కోర్టు చెప్పింది. శాసనసభ ఎన్నడూ రాయని నేరం అది. ఆ తర్వాత అదే శాసనసభ ‘కామన్ లా నేరమైన ఆత్మహత్యను రద్దు చేస్తున్నాం’ అని ఒక సెక్షన్ రాసింది. 14-17.1, వెళ్ళి చూడండి. తాను పెట్టని దీపాన్ని ఆర్పడానికి కూడా చట్టం చేయాల్సి వచ్చింది.

జవాబు: పన్నెండో_కుర్చీ

14-17.1 చూశాను, నిజంగానే ఉంది. రాబర్ట్‌సన్ తీర్పు ఈ రాత్రికి చదువుతాను. ఒక్క చిన్న సందేహం. మాలో ఒకాయన చివరి దాకా ‘కొక్కెం సులువుగా ఊడటం తాడు చేసినవాడి గొప్ప, దొంగ మంచితనం కాదు’ అని పట్టుబట్టారు. ఆయన మాటకు ఎక్కడైనా తీర్పు ఉందా?

జవాబు: పాతఫైళ్ళు

మెడకూ ఒంటికీ కట్టి ఉన్నదాన్ని తెంపితే దోపిడీయే అన్న తీర్పులు ఇతర రాష్ట్రాల్లో చూశాను. దానంతట అది ఊడే కొక్కెం మాత్రం నా ఫైళ్ళలో ఎన్నడూ తగల్లేదు. ఆయన అడిగింది మంచి ప్రశ్న. మీరు దోపిడీ అని తేల్చి ఉంటే ముద్దాయి తప్పకుండా అప్పీలుకు వెళ్ళేవాడు, ఆ సంచి కూడా అతనితో పాటు అప్పీలు కోర్టు ఉన్న రాలీకి వెళ్ళేది.