ప్రొటీన్లు మారిపోతుంటే జ్ఞాపకం ఎలా నిలుస్తుంది? సినాప్స్‌ల గురించి ఒక సందేహం

జ్ఞాపకాలకు ఆధారమని చెప్పే సినాప్స్‌లు (ఒక నాడీకణం ఇంకోదానికి సంకేతం అందించే కూడళ్లు) ఎలా బలపడతాయో వారం రోజులుగా చదువుతున్నాను. ఒకచోట బండి ఆగిపోయింది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

నాకు అర్థమైనది ఇదీ: సంకేతాన్ని మోసుకొచ్చే గ్లుటమేట్ అనే రసాయనం వచ్చి అతుక్కున్నా, ఎన్‌ఎండీఏ రిసెప్టర్ (అందుకునే కణం మీద ఆ రసాయనాన్ని పట్టుకునే ఒక రకం ప్రొటీన్) గుండా కాల్షియం వెంటనే లోపలికి పోదు. దాని రంధ్రంలో మెగ్నీషియం అయాన్ బిరడాలా కూర్చుని ఉంటుంది. సంకేతం అందుకునే కణం కూడా అదే సమయానికి ఉత్తేజితమైతేనే ఆ బిరడా ఊడుతుంది. (ఇది చదివినప్పుడు భలే ఏర్పాటు అనిపించింది.) కాల్షియం లోపలికి వచ్చాక ఆ సినాప్స్‌లో ఏఎంపీఏ అనే ఇంకో రకం గ్లుటమేట్ రిసెప్టర్లు పెరుగుతాయి, తర్వాత అదే సంకేతానికి స్పందన ఎక్కువవుతుంది. 1973లో బ్లిస్, లోమో అనే శాస్త్రవేత్తలు కుందేలు మెదడులోని హిప్పోకాంపస్ (జ్ఞాపకాలకు కీలకమైన భాగం)లో గంటల తరబడి నిలిచిందని చూపించినది ఈ బలపడటాన్నే.

నా చిక్కల్లా ఇక్కడే. ఆ రిసెప్టర్లూ ప్రొటీన్లే కదా, కొన్నాళ్లకే పాతవి పోయి కొత్తవి వస్తాయి. మరి చిన్నప్పుడు బట్టీపట్టిన పదిహేడో ఎక్కం నాకు ఇప్పటికీ తడుముకోకుండా ఎలా వస్తోంది? సామాను మొత్తం మారిపోయినా ఆ బలాన్ని నిలిపి ఉంచేది ఏమిటి?

ఇంకోటి, కణంలో కొత్తగా తయారైన ప్రొటీన్లు వేల సినాప్స్‌లలో సరైనదాన్ని ఎలా పట్టుకుంటాయి? 'సినాప్టిక్ ట్యాగింగ్' అన్న మాట చూశాను గానీ బుర్రకెక్కలేదు. ఫార్ములాలు లేకుండా, ఒక ఉదాహరణతో చెప్పగలరా?