అక్టోబర్‌ఫెస్ట్‌కి (జర్మనీలో మ్యూనిక్ బీరు పండగ) ఒక్క రోజు వెళ్తే సరిపోతుందా? బీరు టెంట్‌లో సీటు దొరుకుతుందా?

చలిదేశం_బాబు:
స్టుట్‌గార్ట్‌లో ఉంటాను, పొద్దున ట్రైన్‌కి మ్యూనిక్ వెళ్లి రాత్రికి వచ్చేద్దామని ప్లాన్. నలుగురం, టేబుల్ రిజర్వేషన్ ఏమీ లేదు. శనివారం వెళ్దామంటున్నారు మావాళ్లు. ఇద్దరు వెజ్, అందులో ఒకడు అసలు తాగడు. వాడిని లాక్కెళ్లడం వేస్టా?

మ్యూనిక్_వదిన:
శనివారం మాత్రం వద్దు బాబూ! మామూలు రోజుల్లో టెంట్లు 10కి తెరుస్తారు, ఆ టైమ్‌కి వెళ్తే రిజర్వేషన్ లేకపోయినా హాయిగా కూర్చోవచ్చు, అదే శనివారం మధ్యాహ్నానికల్లా టెంట్ నిండిపోయి తలుపులు మూసేస్తారు, ఇక బయట నిలబడి పాటలు వినడమే. లోపల కూడా సీటు ఉంటేనే బీరు, చాలా టెంట్లలో నిలబడ్డవాళ్లకి పోయరు. మైదానంలోకి ఎంట్రీ ఫ్రీ. ఇక్కడివాళ్లెవరూ అక్టోబర్‌ఫెస్ట్ అనరు, 'వీజన్' అంటారు. మొదలయ్యేది కూడా సెప్టెంబర్‌లోనే, అక్టోబర్ వచ్చాక వద్దాంలే అనుకుంటే చివరి రోజులే మిగులుతాయి.
బ్యాక్‌ప్యాక్‌లు తేకండి. 3 లీటర్లకి మించిన బ్యాగ్ లోపలికి రానివ్వరు. మా ఆయన లాప్‌టాప్ బ్యాగ్‌తో ఆఫీస్ నుంచి డైరెక్ట్‌గా వచ్చి, అది దాచడానికి చోటు వెతుక్కుంటూ గంట తిరిగాడు పాపం.
తాగనివాళ్లు కూడా బోలెడుమంది వస్తారు. స్పెట్సీ అని కోలా, ఆరెంజ్ కలిపి ఇస్తారు, బాగుంటుంది. వెజ్‌కి కేజెష్పెట్స్లె ఉంది, చీజ్ వేసిన చిన్న చిన్న నూడుల్స్‌లా ఉంటుంది, పైన వేయించిన ఉల్లిపాయలు. ఇంకా పళ్లెమంత బ్రెట్సెల్, అంటే ముడి వేసినట్టుండే ఉప్పు రొట్టె. చాలు కదా.

హాఫ్_లీటర్:
వదిన గారు చెప్పిందంతా కరెక్టే, బీరు సంగతి నేను చెప్తా. హాఫ్ లీటర్ అడిగితే నవ్వుతారు బ్రో (నా పేరు అలా వచ్చిందే), మగ్ అంటే 1 లీటరే, 'మాస్' అంటారు, 2025లో టెంట్‌ని బట్టి 14.50 నుంచి 15.80 యూరోలు ఉండింది, టిప్ వేరే. మామూలు బీరులాగే గొంతు దిగిపోతుంది కానీ ఆల్కహాల్ 6 శాతం దగ్గర ఉంటుంది, అది రెండో మగ్ అయ్యాక లేచి నిలబడినప్పుడు తెలుస్తుంది. అందుకే ముందు తినండి. ఖాళీ గాజు మగ్గే కిలో పైన ఉంటుంది, చెయ్యి మొత్తం పిడిలోకి దూర్చి పట్టుకో, లేకపోతే మణికట్టు గోవిందా. అలాంటివి పదేసి ఒకేసారి మోసుకొస్తుంటారు ఆ సర్వర్లు, దారికి అడ్డం నిలబడకు. చీర్స్ కొట్టేటప్పుడు ఎదుటివాడి కళ్లలోకి చూడాలి. బెంచీ ఎక్కి డాన్స్ చెయ్యొచ్చు, టేబుల్ ఎక్కితే బయటికి పంపేస్తారు. మగ్ గుర్తుగా కావాలంటే కొనుక్కో, జాకెట్‌లో దాచితే గేట్ దగ్గర పట్టేస్తారు.

చలిదేశం_బాబు:
థాంక్స్ వదినగారూ, థాంక్స్ బ్రో. మంగళవారం ఫిక్స్ చేశాం. సాయంత్రం దాకా ఉండాలా మరి?

మ్యూనిక్_వదిన:
6 దాటాక ఉంటేనే అసలు మజా, అప్పటిదాకా బ్యాండ్‌వాళ్లు సౌండ్ తగ్గించి బ్రాస్ మ్యూజిక్కే వాయిస్తారు. ఆ ఏడాది ఓయిడె వీజన్ ఉంటే మధ్యలో వెళ్లిరండి, మైదానంలోనే పాతకాలపు జాతరలాంటి భాగం అది, అప్పటి రంగులరాట్నాలు ఉంటాయి, దానికి మాత్రం కొద్దిగా టికెట్. రిటర్న్ ట్రైన్ మాత్రం చివరిది పెట్టుకోకండి, తాగనివాడి ఫోన్‌లో టికెట్లు ఉంచండి.